పాట ఒకరిది, కొట్టు ఒకరిది

(ఒంగోలులో ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

మతం, ఆర్థిక స్వేచ్ఛ, రాజకీయం గురించి మాట్లాడమని అడిగారు. ఇంట్లో కూర్చుని నోట్సు రాసుకున్నాను. నాలుగు పేజీలు అయ్యాక చదువుకుంటే అందులో ఒక్క మనిషి కూడా కనిపించలేదు. అన్నీ పెద్ద పెద్ద మాటలే. ఆ కాగితాలు పక్కన పెట్టేసి వచ్చాను. ఇవాళ మీకు రెండు చిన్న కొట్ల గురించి చెప్తాను. ఒకటి గుడి ముందు గాజుల కొట్టు, రెండోది రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే బంకు. నేను డిగ్రీ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. మా సబ్జెక్టులో ఎంత పెద్ద సిద్ధాంతమైనా చివరికి ఏదో ఒక కొట్టు దగ్గర తేలాల్సిందే.

మా నాన్నది టెంకాయల కొట్టు. గుడి పేరు చెప్పను, చెబితే మీలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు మొక్కు తీర్చుకున్న గుడే అవుతుంది. దేవుడికి కొట్టే టెంకాయ వేరు, పచ్చడికి వాడే టెంకాయ వేరు. దేవుడి కాయకు పీచు ఒలిచేటప్పుడు పిలక వదిలెయ్యాలి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళు పలకాలి. మా నాన్న ప్రతి కాయనూ ఊపి చూసిగానీ ఇచ్చేవాడు కాదు. అయినా నూటికి ఒకటో రెండో కుళ్ళినవి పోతాయి. పచ్చడికి కొన్నవాళ్ళయితే తిట్టి ఊరుకుంటారు. గుళ్ళో కొట్టిన కాయ కుళ్ళిపోతే మనిషి ముఖం పాలిపోతుంది. కూతురి పెళ్ళి కోసం మొక్కుకున్న ఒకావిడ అలాగే రెండు చిప్పలూ చేతుల్లో పెట్టుకుని ఏడుస్తూ తిరిగొచ్చింది. మా నాన్న గబగబా ఇంకో కాయ తీసి ఇస్తున్నాడు. పక్క కొట్లోంచి గాజుల మామ లేచి వచ్చి, "కాయ కుళ్ళిందంటే కీడు దాంతోనే పోయిందమ్మా. పిల్లకు దిష్టి తీసినట్టే అనుకో. పో తల్లీ, స్వామి చూసుకుంటాడు" అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ గుళ్ళోకి వెళ్ళింది.

గాజుల మామ ముస్లిం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన కొట్టు మా కొట్టు పక్కనే. గాజులు, కుంకుమ భరిణెలు, మొలతాళ్ళు, పిల్లల బొమ్మలు అమ్మేవాడు. నేను మామా అనేవాణ్ణి, మా నాన్నను ఆయన అన్నా అనేవాడు. ఆ గుడి ముందు ఆయన ఉండటం మాకు గానీ భక్తులకు గానీ ఎప్పుడూ వింతగా అనిపించలేదు.

ఇప్పుడు ఆ కొట్లు ఎలా వస్తాయో చెప్పాలి. దేవాదాయ శాఖ గుళ్ళలో కొట్లకీ హక్కులకీ వేలం పెడతారు. పేపర్లో ప్రకటనలు చూసే ఉంటారు. పూజా సామగ్రి అమ్ముకునే హక్కు, తలనీలాలు పోగుచేసుకునే హక్కు, కొబ్బరి చిప్పలు పోగుచేసుకునే హక్కు, చెప్పుల స్టాండు, పార్కింగు. డిపాజిట్ కట్టి, టెండరు వేసి, బహిరంగ వేలంలో పాట పాడాలి. ఎక్కువ పాడినవాడికి కొట్టు. పాటదారులు నిజంగా పోటీ పడితే దేవుడికి మంచి ఆదాయం. ముందురోజు రాత్రి టీ కొట్టు దగ్గర నలుగురూ కూర్చుని, నువ్వు అది పాడు, నేను ఇది పాడతా అని రింగు అయిపోతే దేవుడికి నష్టం. ఇంతే లెక్క. పాడేవాళ్ళు ఎంతమంది ఉంటే గుడికి అంత మేలు.

2015 నవంబరులో అప్పటి ప్రభుత్వం గుడి ఆస్తుల లీజు నిబంధనలు కొత్తగా తెచ్చింది. హిందువులు కానివాళ్ళు వేలంలో పాల్గొనకూడదనే షరతు అందులో ఉంది. మా ఊళ్ళో ఆ మరుసటి వేలం రోజు మామ డిపాజిట్ డబ్బు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. కాగితం మీద పేరు చూసి, మీరు పాడటానికి లేదని పక్కకు కూర్చోబెట్టారు. అరుపులు లేవు, గొడవ లేదు. ఆయన కుర్చీలోంచి లేవలేదు. మా నాన్న తన కొట్టు పాడుకున్నాడు. తర్వాత గాజుల కొట్టు వంతు వచ్చింది. ఇద్దరే పాటదారులు, ముందే మాట్లాడుకుని వచ్చినవాళ్ళు. అంతకుముందు మామ కట్టిన దానికన్నా తక్కువకే పాట ముగిసిపోతుంటే, మా నాన్న చెయ్యెత్తి పైపాట పాడాడు. అలా ఆ కొట్టు కూడా మా నాన్న పేరు మీదికి వచ్చింది. ఇంటికొచ్చాక మా అమ్మకు చెప్పిందేమిటంటే, "పాట నాది, కొట్టు వాడిది."

ఇది నిబంధనలకు విరుద్ధం. లీజుకు తీసుకున్న కొట్టు ఇంకొకరికి ఇవ్వకూడదు. మా నాన్న జీవితంలో చేసిన ఒకే ఒక్క తప్పుడు పని ఇదే, నాకు తెలిసినంతవరకు. ఆయన మామ దగ్గర పైసా తీసుకోలేదు. కానీ అన్నిచోట్లా మా నాన్నలాంటివాళ్ళు ఉండరు కదా. పేరు అరువిచ్చినందుకు నెలనెలా డబ్బు వసూలు చేసేవాళ్ళు ఉంటారు. ఆ డబ్బు దేవుడికి పోదు, కష్టపడేవాడికి మిగలదు. మధ్యలో పేరున్నవాడికి పోతుంది. మనిషి దేవుణ్ణి బట్టి అతని అన్నం ఉంటుందని చట్టం చెప్పినప్పుడల్లా ఇదే జరుగుతుంది. మనిషికి రెండు పేర్లు అవసరమవుతాయి, కాగితం మీద ఒకటి, బతుకులో ఇంకొకటి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఈ రెండు పేర్ల గురించే.

శ్రీశైలంలో ఏళ్ళ తరబడి కొట్లు పెట్టుకుని బతికే ముస్లిం వ్యాపారులు ఈ నిబంధన మీద కోర్టుకెళ్ళారు. 2019 సెప్టెంబరులో హైకోర్టు వాళ్ళ వాదన ఒప్పుకోలేదు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2021 డిసెంబరు 17న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ ఎ.ఎస్. బోపన్న ధర్మాసనం ఇంకా స్పష్టంగా చెప్పింది: కేవలం మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి గానీ లీజు నుంచి గానీ తప్పించకూడదు. గుడి దగ్గర మద్యం అమ్మకూడదు, జూదం నడపకూడదు అంటే అర్థం ఉంది, పూలూ పిల్లల బొమ్మలూ అమ్మకూడదంటే ఎలా అని విచారణలో అడిగింది. అది మధ్యంతర ఉత్తర్వే. అయినా ఆ రోజు పేపరు చదువుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కొందరికి ఈపాటికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. గుడి ఆస్తి గుడిది కదా, దాన్ని ఎవరికి ఇవ్వాలో గుడి ఇష్టం కదా? మంచి ప్రశ్న. దీన్ని దాటేసి వెళ్ళిపోతే నేను నిజాయితీగా మాట్లాడినట్టు కాదు.

గుడి లోపల ఏం జరగాలో నిర్ణయించేది ఆ సంప్రదాయమే. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. ఉడుపి శిరూరు మఠం కేసులో 1954లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. ఏ వేళకు ఏ నైవేద్యం పెట్టాలి, ఏ హోమం ఎలా చెయ్యాలి అన్నది మతమే చెప్పాలి, దానికి డబ్బు ఖర్చవుతుంది కాబట్టి, పూజారుల్ని పెట్టుకోవాలి కాబట్టి, సంతలో దొరికే సరుకులు వాడతారు కాబట్టి అది మతం కాకుండా పోదు అంది. ఆ తీర్పులోనే, అప్పటి మద్రాసు చట్టం మఠాల ఆదాయంలోంచి వసూలు చేస్తున్న వాటా ఫీజు కాదు, పన్ను అని కొట్టేసింది. అర్చకుడు ఎవరు, వంటశాలలో ఎవరు, దేవస్థానం కొలువులో ఎవరు అన్నది గుడి లోపలి మాట. మన దేవాదాయ శాఖ నిబంధనలు ఉద్యోగులు హిందువులై ఉండాలంటున్నాయి. దాని మీద నాకు పేచీ లేదు.

కానీ రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఇంకో మాట ఉంది. మతాచారంతో కలిసి నడిచే ఆర్థిక, ద్రవ్య, రాజకీయ వ్యవహారాలు వేరు, వాటిని ప్రభుత్వం నియంత్రించవచ్చు అని. అంటే పూజ ఒకటి, పూజ చుట్టూ అల్లుకున్న బజారు ఇంకొకటి. ఆ బజారును వేలం వేసేది ప్రభుత్వ శాఖ, సంతకం పెట్టేది ప్రభుత్వం నియమించిన అధికారి. ప్రభుత్వం చేతిలోకి వచ్చాక అది మతం బట్టి వివక్ష చూపకూడదనే 15వ అధికరణానికీ, ఏ వృత్తయినా వ్యాపారమైనా చేసుకునే హక్కునిచ్చే 19వ అధికరణానికీ కట్టుబడాల్సిందే. పట్టుకునేటప్పుడు ప్రభుత్వం చెయ్యి, తోసేసేటప్పుడు గుడి చెయ్యి అంటే కుదరదు.

అన్యమత ప్రచారం జరుగుతుందన్న భయం కొందరిది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కొండ మీదికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాడి చేతిలో ఇంకో మతం కరపత్రం పెడితే అతని మనసు నొచ్చుకుంటుంది. దానికి 2007లోనే మన రాష్ట్రం చట్టం తెచ్చింది. ప్రభుత్వం ప్రకటించిన పూజా స్థలాల్లో వేరే మతం ప్రచారం చెయ్యడం నేరం. ఆ నేరం చేసినవాణ్ణి పట్టుకోండి. గాజులు అమ్ముకునేవాడు ఏం చేశాడు?

మనం ఒంగోలులో కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఇక్కడికి దగ్గర్లోనే కరవది. షేక్ చినమౌలానా గారి ఊరు. నాదస్వరం పట్టుకుని శ్రీరంగం వెళ్ళి రంగనాథుడి ముందు వాయించిన మనిషి. 1977లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తర్వాత ఈ ప్రకాశం గడ్డ నుంచే వెళ్ళిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మన పల్లెల్లో రాములవారి కల్యాణానికి సన్నాయి ఊదిన దూదేకుల కుటుంబాలు ఎన్ని! ఆ సన్నాయి వాళ్ళకు కూడు పెట్టింది, మనకు పండగ పెట్టింది. స్వామికి వినిపించే నాదం ఆయన ఊపిరి నుంచి రావచ్చు గానీ, గుడి బయట అమ్మే గాజు ఆయన చేతి నుంచి రాకూడదా?

ఇంకో మాట. కొనేవాడి మనస్సాక్షి కూడా ఉంటుంది. నేను టెంకాయ హిందువు దగ్గరే కొంటాను అని ఒక భక్తుడు అనుకుంటే అది అతని ఇష్టం. నాకది నచ్చకపోవచ్చు, కానీ అతని జేబు, అతని మొక్కు. దీనికి ఒక పెద్ద ఉదాహరణ తిరుమల తలనీలాలతోనే ఉంది. యూదుల్లో నిష్ఠగా ఉండే కుటుంబాల్లో పెళ్ళయిన ఆడవాళ్ళు సొంత జుట్టు కనబడకుండా విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లో చాలావాటికి జుట్టు మన గుళ్ళ నుంచి వెళ్ళేది. 2004 మే నెలలో ఇజ్రాయెల్‌లో పెద్ద మతగురువు ఎల్యాషివ్, మొక్కుబడిగా గుళ్ళో ఇచ్చిన జుట్టు కాబట్టి అది విగ్రహారాధనకు చెందింది, మనం వాడకూడదు అని తేల్చాడు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోనూ జెరూసలేంలోనూ ఆడవాళ్ళు ఎంతో ఖరీదు పెట్టి కొన్న విగ్గులు తెచ్చి నడివీధిలో తగలబెట్టారు. చదివినప్పుడు నాకు బాధ కలిగింది. మన అమ్మలు భక్తితో ఇచ్చిన జుట్టు అది. కానీ ఆలోచిస్తే, వాళ్ళు తమ డబ్బుతో కొన్నది తామే కాల్చుకున్నారు. తమ నియమానికి తామే నష్టం భరించారు. తిరుమలలో ఎవరి జీవనాన్నీ చట్టం పెట్టి ఆపలేదు. ఎర్నాకులంలోనో ఏలూరులోనో ఒక ముస్లిం కుటుంబం హలాల్ ముద్ర చూసి సరుకు కొనుక్కుంటే అదీ ఇలాంటిదే. 2023 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం హలాల్ ముద్ర ఉన్న సరుకుల అమ్మకాన్ని నిషేధించింది, ఎగుమతికి మాత్రం వదిలేసింది. పై దేశం వాడి మనస్సాక్షికి ఇచ్చిన గౌరవం పక్కింటివాడి మనస్సాక్షికి ఇవ్వలేదు.

కొనను అనడం మనిషి స్వేచ్ఛ. అమ్మనివ్వను అనడం పెత్తనం. ఈ రెండింటినీ కలిపేసి మనకు అమ్ముతున్నది రాజకీయం.

2022 మార్చిలో కర్ణాటక తీరంలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఉడుపి జిల్లాలో కాపు అనే ఊళ్ళో మారిగుడి జాతర. తరతరాలుగా కొట్లు పెట్టుకునే ముస్లింలను ఆ ఏడు రానివ్వలేదు. అది అక్కడి నుంచి ఇంకొన్ని జాతరలకు పాకింది. అసెంబ్లీలో అడిగితే, 2002 నాటి దేవాదాయ నిబంధనల్లోనే ఉంది అంది ప్రభుత్వం. ఇరవయ్యేళ్ళు ఎవరికీ అక్కరలేని నిబంధన ఒక్కసారిగా ఎందుకు గుర్తొచ్చింది? మరుసటి ఏడు అక్కడ ఎన్నికలు. ఇంతకన్నా నేను వివరించక్కర్లేదు.

2024 జూలైలో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ పోలీసులు, శివభక్తులు గంగాజలం మోసుకెళ్ళే కావడి యాత్ర సాగే దారిలో ప్రతి హోటలూ, ధాబా, తోపుడు బండీ యజమాని పేరు రాసి పెట్టాలన్నారు. జూలై 22న సుప్రీంకోర్టు ఆపింది. ఏ తిండి అమ్ముతున్నారో రాయండి, పేర్లు రాయమని బలవంతం చెయ్యొద్దు అంది. ఆ ధర్మాసనంలో ఒకరు మన మదనపల్లె నుంచి వెళ్ళిన జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి గారు. కేరళలో పనిచేసినప్పటి సంగతి ఆయన విచారణలో చెప్పారు. ఆ ఊళ్ళో రెండు శాకాహార హోటళ్ళు, ఒకటి హిందువుది, ఒకటి ముస్లిందట. ఈయన ముస్లిం హోటల్‌కు వెళ్ళేవారట, ఎందుకంటే ఆ యజమాని దుబాయ్‌లో పనిచేసి వచ్చి శుభ్రం విషయంలో అక్కడి ప్రమాణాలు పాటించేవాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది. హోటల్‌కు వెళ్ళేవాడికి కావలసింది ప్లేటు కడిగారా లేదా అన్నది. బజారు బాగా పనిచేస్తే మనిషిని పనితనం బట్టి చూస్తుంది. 2025 యాత్రకు అదే వ్యవహారం, స్కాన్ చేస్తే యజమాని వివరాలు కనబడే క్యూఆర్ కోడ్ రూపంలో మళ్ళీ వచ్చింది. ఈసారి కోర్టు లైసెన్సు కాగితాలు చట్టప్రకారం కనబడేలా పెట్టండి అని సరిపెట్టింది.

సరే, ఇక రెండో కొట్టు. ఇది చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్తే సగం నిజమే చెప్పినట్టు. ఇప్పటిదాకా మతం కారణంగా అన్నం పోయినవాళ్ళ గురించి విన్నారు. అన్నం కోసం మతం దాచుకోవాల్సినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు మన పక్క వీధిలోనే ఉన్నారు.

దీనికి మొదలు మన ఊరి దగ్గరే దొరుకుతుంది. 1876లో మొదలైన ధాత కరువు గురించి తాతలు చెప్పగా విన్నవాళ్ళు ఉంటారు. అప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో ఉన్న క్లౌ దొర, బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇవ్వమని వాళ్ళు అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారేమోనని నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మిషనరీల గురించి మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. కానీ అన్నం పెట్టే చెయ్యీ, దేవుణ్ణి చూపించే చెయ్యీ ఒకేసారి చాపకూడదన్న జాగ్రత్త ఆ మనిషికి ఉంది. ఆ జాగ్రత్త తర్వాత మన రాజ్యానికి లేకుండా పోయింది.

1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందూమతంలో ఉన్నవాళ్ళే షెడ్యూల్డ్ కులం కిందికి వస్తారంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. 1982లో తమిళనాడు ప్రభుత్వం రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఎస్సీలకు ఉచితంగా బంకులు ఇచ్చింది. ఎండా వానా తగలకుండా కూర్చుని పని చేసుకోవడానికి ఒక చెక్క గూడు, అంతే. మద్రాసులో ఒక మనిషి, పుట్టింది ఆది ద్రావిడ కుటుంబంలోనే, చేసేది అదే పని, కూర్చునేది అదే రోడ్డు పక్కన. అతను క్రైస్తవుడు కాబట్టి బంకు ఇవ్వలేదు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1985లో కోర్టు, క్రైస్తవంలోకి వెళ్ళాక కూడా ఆ కులబాధలు అదే తీవ్రతతో ఉన్నాయని చూపించడానికి తగిన ఆధారాలు లేవంది. నేను ఆ తీర్పు చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. అతని చేతిలో ఉన్న ఆరె, దారం, అతని ముందున్న తెగిన చెప్పులు, ఇవి ఆధారం కావా? ఎవరైనా చెప్పు తీసి అతని ముందు పడేసేటప్పుడు నీ దేవుడెవరు అని అడిగి పడేస్తారా?

మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వెళ్ళిన ఎస్సీలు బీసీ-సి. వాళ్ళకు రిజర్వేషన్ 1 శాతం. స్కాలర్‌షిప్పులాంటి కొన్ని రాయితీలు 1977 జీవోతో వచ్చాయి గానీ, ఎస్సీ కోటాలో ఉద్యోగం, చట్టసభ సీటు, ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాలను అడ్డుకునే అట్రాసిటీ చట్టం రక్షణ మాత్రం రాలేదు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, ఆయన క్రైస్తవుడిగా జీవిస్తున్నాడు కాబట్టి అట్రాసిటీ చట్టం వర్తించదని కేసు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమే అంది. మాట వరకు నిజమే. కానీ మా కాలేజీలో నేను చూసింది చెప్తాను. ఆదివారం చర్చిలో పాటలు పాడే పిల్ల, సోమవారం సర్టిఫికెట్ జిరాక్సు ఇస్తూ "హిందూ" అన్న మాట మీద బొటనవేలు ఆనించి పట్టుకునేది. నేను చదవకూడదని. ఆ పిల్ల దొంగ కాదండి. పద్దెనిమిదేళ్ళ పిల్ల చేతిలో దేవుణ్ణీ డిగ్రీనీ తూకం వేసుకోమని తక్కెడ పెట్టింది మనం.

క్రైస్తవులకూ ఎస్సీ హోదా ఇవ్వాలన్న మాట మీద ఎస్సీల్లోనే కొందరికి భయం ఉంది. ఉన్న వాటాలో ఇంకొకరు వస్తే మా పిల్లల గతేమిటని. ఆ భయం న్యాయమైనదే, వాటా పెంచే మాట కూడా కలిపి మాట్లాడాలి. దీన్ని పరిశీలించమని 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. తీర్మానం వల్ల ఒక్క సర్టిఫికెట్ మీద కూడా ఒక్క అక్షరం మారలేదు.

ఇందులో పార్టీలకు పేచీ ఎందుకు లేదంటే, ముడి ఉన్నంతకాలం దాన్ని విప్పుతామని చెప్పి ఓటు అడగొచ్చు, విప్పనివ్వం అని చెప్పి కూడా ఓటు అడగొచ్చు. గౌరవ వేతనాల సంగతీ అంతే. అర్చకులకు, ఇమాములకు, మౌజన్లకు, పాస్టర్లకు ప్రభుత్వాలు నెలనెలా డబ్బు ఇస్తున్నాయి. చిన్న గుడి అర్చకుడి ఇంట్లో పొయ్యి వెలగాలి, కాదనను. ధూపం, దీపం, నైవేద్యం ఆగకూడదు. కానీ ఊరికి మంచీచెడూ చెప్పాల్సిన మనిషి నెల మొదటి వారంలో ఫోన్లో బ్యాంకు మెసేజ్ కోసం చూస్తుంటే, ఎమ్మెల్యే ముందు అతని గొంతు ఎలా లేస్తుంది? ఆ డబ్బు భక్తులు వేసుకుంటే అర్చకుడు భక్తులకు జవాబుదారీ. ప్రభుత్వం ఇస్తే ప్రభుత్వానికి.

మమ్మల్ని ఏం చెయ్యమంటావని అడుగుతారేమో. నేను చట్టాలు రాసేవాణ్ణి కాను. మీ ఊరి గుడి వేలం ప్రకటన పేపర్లో వచ్చినప్పుడు కింద చిన్న అక్షరాల్లో ఉన్న షరతుల దాకా చదవండి. అందులో మతం మాట ఉంటే, 2021 డిసెంబరు ఉత్తర్వు కాపీ పట్టుకుని ఈవో గారిని మర్యాదగా అడగండి. భక్తులుగా అడగండి. మీరు వేసిన హుండీ డబ్బుతో నడిచే గుడి అది.

మా నాన్న కొవిడ్ సమయంలో పోయారు. ఆయన గురించి ఒక్కటి చెప్పి ముగిస్తాను.

పాట నాన్న పేరు మీద ఉన్న ఆ రోజుల్లో అప్పుడప్పుడు కొట్ల తనిఖీకి వచ్చేవాళ్ళు. వీధి చివర జీపు కనిపించగానే మామ స్టూల్ మీంచి లేచి రోడ్డు మీదికి వచ్చి, కొనడానికి వచ్చినవాడిలా నిలబడేవాడు. మా నాన్న టెంకాయలు నాకు వదిలేసి వెళ్ళి ఆ స్టూల్ మీద కూర్చునేవాడు. ఒకసారి అధికారి ఎదురుగా ఉండగానే ఒకావిడ వచ్చి, "రెండు ఆరు సైజులో ఆకుపచ్చ గాజులున్నాయా?" అని అడిగింది. మా నాన్నకు గాజుల సైజులు తెలియవు. ఏదో డబ్బా తీసి ఇచ్చాడు. ఆవిడ చెయ్యి పట్టలేదు, ఇంకొంచెం తోస్తే గాజు పగిలేలా ఉంది. మామ అక్కడే నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా చెయ్యి చూసి సైజు చెప్పే మనిషి. నోరు విప్పితే కొట్టు పోతుంది. చూసి చూసి, ఆగలేక, ముందుకు వచ్చి ఆవిడ పక్కన నిలబడి, "అన్నా, నాకు కూడా రెండు ఆరు కావాలి. పైన రెండో వరసలో ఉన్నట్టుంది, అవి ఇవ్వు" అన్నాడు. మా నాన్న అవి తీసి ముందు ఆవిడకు ఇచ్చాడు. మామ జేబులోంచి డబ్బు తీసి, తన కొట్లో తన గాజులు తను కొనుక్కుని, సంచిలో పెట్టుకుని, జీపు వెళ్ళిపోయేదాకా ఆ ఎండలోనే నిలబడ్డాడు.